అబ్బాయికి మొదటి డర్ట్ బైక్: ఇప్పుడు ఏది కొనాలి, దేనికి ఆగాలి

అక్కా, మీ ప్రశ్న మొత్తం చదివాను. బాబుకు పదిహేనేళ్లు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 45 కిలోలు. సైకిల్ బాగా తొక్కుతాడు, మామ స్కూటర్ తోటలో కాస్త నడిపాడు, గేర్ల బండి ఇంకా పట్టలేదు. పాకాల దగ్గర మీకు మామిడి తోట ఉంది, బడ్జెట్ రెండున్నర లక్షలు. బాబు హీరో కంపెనీ ఎక్స్‌పల్స్ కావాలంటున్నాడు. మీ తమ్ముడు చెన్నైలో ఒక పాత 250 సీసీ టూ స్ట్రోక్ రేసు బండి చూసి పెట్టాడు. బావగారేమో ఆన్‌లైన్‌లో కనిపించే 49 సీసీ చిన్న బండి చాలంటున్నారు. మూడింట్లో ఏది కొనాలని మీ ప్రశ్న.

ఇప్పటికి మూడూ వద్దు. ఎందుకు వద్దో, వాటి బదులు ఏం కొనాలో చెప్తాను. తిరుపతిలో బండ్ల పని చేస్తూ, సెలవు రోజుల్లో పిల్లలకు మట్టిలో బండి నేర్పిస్తూ చాలా కాలంగా చూస్తున్న విషయం ఇది. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. మొదటి బండిని సీసీ చూసి కొనకూడదు. సీటు ఎత్తు, బరువు, గుంజుడు (యాక్సిలరేటర్ తిప్పితే బండి లాగే ఊపు) ఎంత మెల్లగా మొదలవుతుంది, ఈ మూడూ చూసి కొనాలి. స్కూలు యూనిఫాం కుట్టించేటప్పుడు 'పెరుగుతాడులే' అని ఒక సైజు పెద్దది తీసుకుంటాం కదా, చాలామంది తల్లిదండ్రులు బండి కూడా అలాగే కొంటారు. వదులు చొక్కాతో ప్రమాదం లేదు. కాలు అందని బండి మాత్రం రాళ్ల మధ్య ఆగిన మొదటిసారే పక్కకు ఒరిగిపోతుంది. అలా రెండు మూడుసార్లు కాలి మీద పడితే పిల్లాడికి భయం పట్టుకుంటుంది. ఒకసారి భయం పట్టుకున్న పిల్లాడికి మళ్లీ మొదటి నుంచి నేర్పడం చాలా కష్టం.

బాబుకు కాలు ఎంత అందుతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. గోడకు ఆనించి నిలబెట్టి, కాళ్ల మధ్య ఒక లావు పుస్తకాన్ని పైకి నొక్కి పట్టి, పుస్తకం పై అంచు నుంచి నేల దాకా టేపుతో కొలవండి. ఐదడుగుల రెండంగుళాల పిల్లలకు అది మామూలుగా 72 నుంచి 75 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. వాడు కూర్చుంటే సస్పెన్షన్ కొంచెం కుంగుతుంది, బూట్ల మందం కొంచెం కలిసొస్తుంది. కొత్తగా నేర్చుకునేవాడికి రెండు పాదాల ముందు భాగమూ నేలకు గట్టిగా ఆనాలి. వేళ్ల కొనలు మాత్రమే ఆనితే ఆ బండి ఇప్పటికి పెద్దదే. పోటీల్లో తిరిగే పిల్లలు ఒక్క కాలి కొనతో నెట్టుకొస్తారు కదా అని ఎవరైనా అంటారు. వాళ్లకు ఆ ఒక్క కాలు ఎక్కడ పెట్టాలో ముందే తెలుసు. మనవాడికి ఇంకా తెలియదు.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం, కానీ షోరూంలో ఎవరూ చేయనివ్వరు. తెలిసినవాళ్ల బండి దొరికితే మెత్తటి మట్టిలో పక్కకు పడుకోబెట్టి, ఒక్కడివే లేపమని చెప్పండి. మట్టిలో నేర్చుకునేవాడు ఒక్క ఉదయంలోనే చాలాసార్లు పడతాడు, అది మామూలే. పడ్డ ప్రతిసారీ లేపుకోవాలి. తన బరువుకు మూడున్నర రెట్లున్న ఇనుమును 45 కిలోల పిల్లాడు నాలుగోసారి లేపేసరికి చేతులు వణుకుతాయి. ఆ వణికే చేతులతో క్లచ్ వదిలినప్పుడే అసలు దెబ్బలు తగులుతాయి. నేను చూసిన పిల్లల దెబ్బల్లో ఎక్కువ భాగం వేగం వల్ల వచ్చినవి కావు, అలసట వల్ల వచ్చినవి.

ఇప్పుడు మీ మూడు బండ్ల సంగతి.

ఎక్స్‌పల్స్ 200 నాకు చాలా ఇష్టమైన బండి. 2019లో వచ్చింది, మన దేశంలో మామూలు జీతగాడు కూడా మట్టిలోకి దిగేలా చేసింది. ముందు 21 అంగుళాలు, వెనక 18 అంగుళాల చక్రాలు, నేలకూ బండి అడుగుకూ మధ్య 220 మి.మీ. ఖాళీ (గ్రౌండ్ క్లియరెన్స్), ఊళ్లోనే దొరికే స్పేర్లు. కానీ సీటు ఎత్తు 825 మి.మీ., బరువు దాదాపు 160 కిలోలు. బాబుకు కాలు అందదు, పడితే లేపలేడు. పైగా అది రోడ్డు కోసం రిజిస్టరైన బండి. ఇంట్లో అలాంటిది నిలబడి ఉంటే పదిహేనేళ్ల పిల్లాడు తోట దాకానే నడుపుతాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. వాడికి పద్దెనిమిది నిండి, లైసెన్సు వచ్చి, ఒళ్లు వచ్చిన రోజున నేనే దగ్గరుండి ఇప్పిస్తాను. అప్పుడు కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: పేరులో 200టి అని ఉంటే అది రోడ్డు మీద దూరం పోయేందుకు చేసినది, మట్టికి కాదు. సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో రెండూ కలిసిపోయి కనిపిస్తాయి.

మీ తమ్ముడు చూసిన బండి గురించి గట్టిగానే చెప్తున్నాను, ఏమీ అనుకోవద్దు. పోటీల కోసం చేసిన 250 టూ స్ట్రోక్ బండి బరువు వంద కిలోల దగ్గరే ఉంటుంది, శక్తి మాత్రం ఎక్స్‌పల్స్‌కు రెట్టింపు దాటుతుంది. ఆ శక్తి కూడా సాఫీగా రాదు. కింద ఏమీ లేనట్టుంటుంది, ఇంజన్ తిరిగే వేగం (ఆర్పీయం) ఒక చోటు దాటగానే ఒక్కసారిగా విడుచుకుంటుంది. కొత్తవాడు ఆ క్షణంలో వెనక్కి తూలతాడు. తూలినవాడి చెయ్యి యాక్సిలరేటర్‌ను ఇంకా తిప్పేస్తుంది. ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. పెద్ద రైడర్లు కూడా గౌరవంతో ఎక్కే బండి అది. ఖర్చు సంగతీ ఉంది. ఆ ఇంజన్ల సర్వీసు కిలోమీటర్లలో లెక్కపెట్టరు, నడిచిన గంటల్లో లెక్కపెడతారు. పిస్టన్, రింగులు కొన్ని పదుల గంటలకే మార్చాలి. పెట్రోల్‌లో ఆయిల్ సరైన పాళ్లలో కలపాలి, తగ్గితే ఇంజన్ పట్టేస్తుంది. స్పేర్లు బయటి నుంచి తెప్పించుకోవాలి. చాలాసార్లు సరైన కాగితాలు కూడా ఉండవు. తక్కువ ధరకే వస్తోందంటే ఆ తక్కువకు ఇవే కారణాలు.

49 సీసీ చిన్న బండి దీనికి సరిగ్గా ఎదురు సమస్య. తాడు లాగి స్టార్ట్ చేసే ఆ బండ్ల చక్రాలు చిన్నవి, ఫ్రేము చిన్నది, చాలావాటిలో గేర్లే ఉండవు. బాబు మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతాయి. నిలబడి నడపడం మట్టి రైడింగ్‌లో మొదటి పాఠం, దాని మీద అది కుదరనే కుదరదు. వాటిలో చవకగా వచ్చేవాటి వెల్డింగులు, బ్రేకులు చూస్తే నాకే టెన్షన్ వస్తుంది. చిన్నది కాబట్టి సేఫ్ అనుకోవడం సహజమే, బావగారి ఉద్దేశం మంచిదే, కానీ వాడి వయసుకు ఇది పనికిరాదు.

మరి ఏది? పిల్లలకు, కొత్తవాళ్లకు సరిగ్గా సరిపోయే డర్ట్ బైకులు ప్రపంచంలో చాలా ఉన్నాయి, మన దగ్గర అమ్మేవి తక్కువ. కవాసాకీలో కేఎల్ఎక్స్ 110 ఆర్ ఎల్ అని ఉంది: 112 సీసీ, నాలుగు గేర్లు, చేతి క్లచ్, 76 కిలోల బరువు, సీటు 730 మి.మీ. బాబు ఈ రోజు ఎత్తుకు, బరువుకు కొలిచి చేసినట్టుంటుంది. దాని పైన కేఎల్ఎక్స్ 140 ఉంది, 144 సీసీ, 99 కిలోలు. కానీ పెద్ద చక్రాల రకానికి సీటు 860 మి.మీ., ఇంకో రెండేళ్లకు ఆలోచించాల్సింది. చిక్కంతా ధరలోనే. బయటి నుంచి వచ్చే బండ్లు కాబట్టి 110 కూడా మీ బడ్జెట్ మొత్తాన్ని మింగేసి ఇంకా అడుగుతుంది. పైగా ఇవి రోడ్డుకు రిజిస్టర్ కావు, తోట దాకా టాటా ఏస్‌లో వేసుకుని పోవాలి. చెన్నైలోనో బెంగళూరులోనో ఎవరైనా తమ పిల్లాడు పెరిగిపోయాడని బిల్లుతో సహా అమ్ముతుంటే మాత్రం వదలకండి. కవాసాకీ డీలర్ దగ్గరికి పోతే కేఎల్ఎక్స్ 230 కూడా చూపిస్తారు. 139 కిలోలు, సీటు 880 మి.మీ. మంచి బండే, మనకు ఇప్పుడు కాదు.

మీ బడ్జెట్‌లో నేను చెప్పేది పాత వంద సీసీ బండి. అవును, స్ప్లెండర్ లాంటిదే. బాబు ముఖం ముడుచుకుంటాడని తెలుసు, అయినా చెప్తున్నాను. స్ప్లెండర్ సీటు 785 మి.మీ., బరువు 112 కిలోల దాకా ఉంటుంది. అద్దాలు, ఇండికేటర్లు, క్యారియర్, క్రాష్ గార్డు, సెంటర్ స్టాండు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. సీటులో ఫోం కొంచెం చెక్కితే కాలు అందుతుంది. గుంజుడు మెత్తగా ఉంటుంది, క్లచ్ తేలిక, పది సార్లు పడినా లేపి కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది. ఏ ఊళ్లోనైనా మెకానిక్ ఉంటాడు. ముప్పై నలభై వేలలో కండిషన్‌లో ఉన్నది దొరుకుతుంది. తోటలో తిప్పడానికే అయినా ఆర్సీ చూసి, పేరు మార్పించుకునే తీసుకోండి, దొంగ బండి తలనొప్పి మనకెందుకు.

దాన్ని మట్టికి తయారు చేయడంలో డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్తాను. మొదట టైర్లు. 18 అంగుళాల చక్రానికి గుబ్బల టైర్లు దొరుకుతాయి, రెండూ మార్చండి, ముందుది పాతదే ఉంచితే మలుపులో జారేది అదే. రెండోది ఫుట్ రెస్టులు. కంపెనీ రబ్బరు మీద తడి బూటు నిలవదు, పళ్లున్న వెడల్పాటి ఇనుప రెస్టులు వెల్డింగ్ చేయించండి. మూడోది వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం), రెండు మూడు పళ్లు పెద్దది వేస్తే మొదటి గేర్లో మనిషి నడకంత మెల్లగా పోతుంది. కొత్తవాడికి ఆ మెల్లదనమే బంగారం. ఇంజన్ కింద ఒక రేకు కట్టించండి, మన రాళ్లకు అది లేకపోతే ఇంజన్ కేసు పగులుతుంది. చైన్ కవరు మాత్రం తీయొద్దు, వేళ్లు పోతాయి. సైలెన్సర్ కూడా కంపెనీదే ఉంచండి, చప్పుడు పెరిగితే బండి బాగుపడదు, పక్క తోటవాళ్లతో గొడవ మొదలవుతుంది. క్లచ్, బ్రేక్ లివర్ల బ్రాకెట్లు మరీ బిగించకుండా చేత్తో గట్టిగా తోస్తే తిరిగేలా ఉంచండి, అప్పుడు పడినా లివర్ విరగదు, పక్కకు తిరుగుతుంది. ఒక హద్దు ముందే చెప్పేయండి: ఈ బండితో ఎగరేయడాలు లేవు. దాని ఫ్రేము, షాకులు అందుకు చేసినవి కావు. గట్టుల మీద ఎగరేస్తూ పోతే హ్యాండిల్ దగ్గర ఫ్రేము చీలుతుంది.

దీని కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. బాబును కోలారుకు తీసుకెళ్లండి. ఎడారుల్లో రోజుల తరబడి సాగే డకార్ ర్యాలీని 2015లో పూర్తి చేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ అక్కడ బిగ్ రాక్ డర్ట్‌పార్క్ పెట్టారు. పలమనేరు, ముళబాగిలు మీదుగా మనకు దూరం కాదు. ముందే ఫోన్ చేసి వయసు, ఎత్తు చెప్పి, వాడికి తగిన బండి, పాఠం ఉన్నాయో లేదో కనుక్కోండి. ఒక రోజు సరైన మాస్టారి దగ్గర నిలబడే పద్ధతి, క్లచ్, బ్రేకు నేర్చుకుంటే తర్వాత ఏడాది బాగుంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. సాయంత్రానికి వాడికి నిజంగా ఇది కావాలా, వీడియోల మోజా అన్నది మీకూ వాడికీ తెలిసిపోతుంది. ఆ ఖర్చు వృథా కాదు.

డబ్బులో పెద్ద వాటా వాడి ఒంటి మీదికి పోవాలి. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నది, మట్టి కోసం చేసిన గడ్డం ముందుకున్న రకం, కొత్తది, వాడి తలకు కొలిచి కొన్నది. ఒకసారి గట్టిగా నేలకు కొట్టుకున్న హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా మార్చేయాలి, అందుకే సెకండ్ హ్యాండ్ హెల్మెట్ ఎవరి దగ్గరా తీసుకోవద్దు. తర్వాత బూట్లు, ఇక్కడే అందరూ మిగుల్చుకోవాలని చూస్తారు. మోకాలి కింద దాకా వచ్చే గట్టి మోటోక్రాస్ బూట్లు పన్నెండు పదిహేను వేలు అవుతాయి. స్పోర్ట్స్ షూతో బండి చీలమండ మీద పడితే ఏమవుతుందో నేను చూశాను, ఆ పన్నెండు వేలకు వెనకాడకండి. మోకాళ్లకు, మోచేతులకు గార్డులు, ఛాతీకి వీపుకు కవచం, కళ్లకు గాగుల్స్, చేతికి గ్లవ్స్. అన్నీ కలిపి నలభై యాభై వేలు పెట్టుకోండి. పాత బండి, దాని తయారీ, ఈ సామాను, కోలారు ప్రయాణం అన్నీ అయ్యాక కూడా మీ రెండున్నర లక్షల్లో లక్ష మిగులుతుంది. దాన్ని పద్దెనిమిదో ఏటి బండికి దాచండి.

ఇక చోటు. దీని గురించి ఎక్కువగా రాయాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ప్రమాదం బండిలో కన్నా నేలలో ఉంది.

తోటను మొదట మీరు, బాబు కలిసి కాలినడకన తిరగండి. ముందు చూడాల్సింది పాత బావులు. బోర్లు వచ్చాక ఎండిపోయి వదిలేసినవి మన వైపు చాలా ఉన్నాయి, గోడ ఉండదు, చుట్టూ కంప పెరిగి దగ్గరికి పోయేదాకా కనిపించవు. మీ తోటలోనో హద్దులోనో అలాంటిది ఉంటే, దానికి ముందు కంచె వేయండి, బండి తర్వాత. రెండోది తీగలు. హద్దు కట్టిన జీఐ తీగ బూడిద రంగులో పొద్దుటి వెలుతురులో కనిపించదు, అది సరిగ్గా బండి మీది పిల్లాడి గొంతు ఎత్తులో ఉంటుంది. వాటికి రంగు గుడ్డలు కట్టండి. అడవి పందుల కోసం పక్క పొలాల్లో ఎవరైనా కరెంటు తీగ లాగుతున్నారేమో కూడా కనుక్కోండి. అది చట్టవిరుద్ధం, ఏటా మనుషుల ప్రాణాలు తీస్తోంది. డ్రిప్ పైపులు, బోరు గుంతలు, కిందికి వాలిన మామిడి కొమ్మలు, ఇవి చూస్తే కనిపిస్తాయి. నలుపు, ఎరుపు డబ్బాలు పెట్టి దారి గుర్తించండి, ఆ దారి దాటొద్దని చెప్పండి. కాయ ఉన్న నెలల్లో కోత కూలీలు, లారీలు తిరిగే రోజుల్లో బండి షెడ్డులోనే ఉండాలి.

'కొండల్లో తిప్పుతా' అంటాడు, ఒప్పుకోవద్దు. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు, అందులో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. ఎర్రచందనం కోసం నిఘా ఎప్పుడూ ఉంటుంది. అనుమతి లేకుండా బండేసుకుని అడవిలోకి పోతే అటవీ కేసు అవుతుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచుల్లో ఏనుగులు తిరుగుతాయి. ఎండిన చెరువు గర్భాలు చూడడానికి మైదానంలా ఉంటాయి, కానీ మట్టి తీసిన గుంతలు, మేకలు, పిల్లలు ఉంటారు, అది ఊరందరిదీ.

రోడ్డు సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పాలి. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, పిల్లాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇంటి నుంచి తోట దాకా అర కిలోమీటరైనా అది రోడ్డే. బండి తోట షెడ్డులో ఉండాలి, తాళం మీ దగ్గర ఉండాలి.

నడిపే వేళ పొద్దున ఆరు నుంచి ఎనిమిది. ఆ కవచాలన్నీ వేసుకుని ఏప్రిల్, మే ఎండలో తిరిగితే వడదెబ్బే. ఇరవై నిమిషాలు నడపాలి, పది నిమిషాలు నీడలో కూర్చుని నీళ్లు తాగాలి. పెద్దవాళ్లు ఒకరు తోటలో లేకుండా స్టార్ట్ చేయకూడదు. నడిపిన ప్రతి రోజూ ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడమనండి. మన ఎర్ర దుమ్ము మెత్తగా ఉంటుంది, ఫిల్టర్ మూసుకుపోతే ఇంజన్ అరిగిపోతుంది. ఆ పని వాడితోనే చేయించండి, బండి మీద ప్రేమ అక్కడే మొదలవుతుంది.

దెబ్బ తగిలితే ఏం చేయాలో ముందే అనుకోండి. మణికట్టు, చీలమండ, భుజం వాచాయంటే ముందు ఎక్స్‌రే. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు నాటు కట్టు మీద మన వైపు ఎంత నమ్మకమో నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఉంది. కానీ పదిహేనేళ్ల పిల్లాడికి ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూ ఉంటాయి. ఆ పెరిగే చోట చీలిక వచ్చి సరిగ్గా కుదరకపోతే ఎముక వంకరగానో పొట్టిగానో పెరగొచ్చు. కాబట్టి తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి కానీ, రుయా ఆసుపత్రి కానీ, మీకు దగ్గరలోని ఏ ఎముకల డాక్టరైనా కానీ, మొదట అక్కడికే. తలకు తగిలి వాంతులైనా, మాట తడబడినా, మగతగా ఉన్నా ఒక్క నిమిషం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. మీ ఆరోగ్య బీమా కాగితంలో సాహస క్రీడలను మినహాయించారేమో కూడా ఒకసారి చదవండి.

బాబు కాలి కొలత, తోటలో ఖాళీగా ఉన్న చోటు ఎంతో రాయండి. బావి ఉందో లేదో కూడా రాయండి. బండి చూడటానికి వెళ్లే రోజు వాడిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి, ఎక్కి కూర్చోబెట్టి, పాదాలు ఎలా ఆనుతున్నాయో పక్క నుంచి ఫొటో తీసి పంపితే అది సరిపోతుందో లేదో చెప్తాను.